చీటీ విప్పేదాకా నోరు మెదపకూడదు

వేడి తువ్వాలు మొహం మీద పడగానే లోకం మాయమవుతుంది. ముక్కు కొన ఒక్కటే బయట మిగులుతుంది. ఇక ఆ కుర్చీలో ఉన్నంతసేపూ కునిహిరో చెప్పిందే శాసనం, కదలకూడదు, మాట్లాడకూడదు, తుమ్మొస్తే మింగెయ్యాలి, ఎందుకంటే ఇవాళ డ్రాఫ్టు రోజు, పన్నెండు బేస్‌బాల్ జట్లూ ఒక హోటలు హాల్లో కూర్చుని హైస్కూళ్లలో కాలేజీల్లో ఆడే కుర్రాళ్లలోంచి తమకు కావలసినవాళ్లను ఏరుకునే రోజు, ఒకే కుర్రాణ్ణి రెండు మూడు జట్లు కోరుకుంటే పెట్టెలో చెయ్యి పెట్టి చీటీ తియ్యాల్సిన రోజు, ఆ చీటీ విప్పేదాకా నా గడ్డం సగమే గీసి ఉండాలి. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప నురగతో. ఇది జట్లు పెట్టుకున్న నియమం కాదు, మంగలి కునిహిరో పెట్టినది. ఇరవై మూడేళ్ల కిందట ఓ డ్రాఫ్టు రోజున నేను ఇదే కుర్చీలో సగం గడ్డంతో పడుకుని ఉండగా మా కొంగల జట్టు హెరన్స్ నాలుగు జట్లతో పోటీపడి చీటీ గెలిచింది, ఆ వచ్చినవాడు పదకొండేళ్లు మా మూడో బేసు కాపలా కాశాడు, అప్పటినుంచీ ప్రతి అక్టోబరులో ఈ గురువారం సాయంత్రం నా మొహం నాది కాదు. ఆ తర్వాత మూడుసార్లు గెలిచాం, తొమ్మిదిసార్లు ఓడాం, ఓడినప్పుడల్లా నేనే కదిలానంటాడు. ఒక ఏడాది నా పెదవి వణికిందన్నాడు. వణికే ఉంటుంది, నురగ చల్లారితే ఎవడి పెదవైనా వణుకుతుంది, కానీ ఆ ఏడాది చేజారిన పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, వేరే జట్టులో గెలిచిన ప్రతి ఆట మర్నాడూ కునిహిరో నాకు ఫోన్ చేసి మరీ చెప్పేవాడు.

ఇవాళ రాకూడదనే అనుకున్నాను. జ్వరమని చెబుదామా, పన్ను పీకించుకున్నానని చెబుదామా, అవతలి దీవిలో ఉన్న అక్కకి బాగోలేదని పడవెక్కి పోదామా అని పొద్దున్నించీ ఆలోచిస్తూనే ఉన్నాను, ఈలోగా మూడుసార్లు ఫోన్ చేశాడు, నాలుగోసారి తనే వచ్చి నా క్లినిక్ గుమ్మంలో నిలబడ్డాడు, భుజాన తువ్వాలు, చేతిలో దువ్వెన, లోపల ఒక ముసలాయన వీపుకి కరెంటు మెషీన్ పెట్టుకుని బోర్లా పడుకుని ఉన్నాడు, "ఏరా, ఇంకా తెమల్లేదా?" అన్నాడు కునిహిరో. ఆ ముసలాయన కూడా తలెత్తి, "వెళ్లవయ్యా కమెదా, నా నడుము రేపు కూడా ఇక్కడే ఉంటుంది, డ్రాఫ్టు ఉండదు," అన్నాడు. ఊరు ఊరంతా కలిసి నన్ను ఈ కుర్చీలోకి తోసింది. నేను రాకపోయి మేము ఓడితే ఈ బజారులో నాకు చేపముక్క అమ్మేవాడు కూడా ఉండడు. వచ్చి గెలిస్తే ఏమవుతుందో ఈ గదిలో నాకొక్కడికే తెలుసు. ఇవాళ మా జట్టు ఓడిపోవాలి. పుట్టి యాభై ఎనిమిదేళ్లలో మొదటిసారి నేను హెరన్స్ ఓడిపోవాలని కోరుకుంటున్నాను, అదీ ఈ తువ్వాలు కింద, ఈ కుర్చీలో, బయటికి చూస్తే మాత్రం గెలుపు కోసం తపస్సు చేస్తున్న వాడిలా. కొంగజపం అంటే ఇదే.

ఎందుకంటే వాళ్లు కోరుకోబోతున్నది మా ఊరి కుర్రాణ్ణే. ఇసొబె తైచి. తొమారి కామర్స్ హైస్కూలు పిచ్చర్, పద్దెనిమిదేళ్లు, ఆరడుగుల రెండంగుళాలు, వాళ్లమ్మ రేవులో పడవ టికెట్లు చింపుతుంది. మా జట్టు పెద్దలు తొమ్మిది రోజుల ముందే పేపర్లో బాహాటంగా చెప్పేశారు, మొదటి ఎంపిక ఇసొబే అని. ఆ ఇసొబె కుడి మోచెయ్యి లోపల ఏం జరిగిందో తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే, ఒకడు వాడు, రెండోవాణ్ణి నేను.

తువ్వాలు తీశాడు. పైకప్పు. కిందటేడు వానలకి పడిన మరక. కుర్చీ వెనక్కి వాలి ఉంది కాబట్టి నాకు టీవీ కనిపించదు, వినిపిస్తుందంతే, హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, గొంతు సవరించుకుంటున్న వ్యాఖ్యాత. బ్రష్షు గిన్నెలో గిరగిరా తిరుగుతోంది. ఎడమ చెంప మీద నురగ, గోరువెచ్చగా, తర్వాత కత్తి. కునిహిరో చెయ్యి తేలిక, నలభై ఏళ్లుగా ఇదే చెయ్యి, అంతకు ముందు అదే చెయ్యి మా స్కూలు జట్టుకి రెండో బేసు దగ్గర బంతులు పట్టేది. వాడు ఆటగాడు. నేను కాదు. మూడేళ్లు జట్టులో ఉన్నాను, ఒక్క ఆట ఆడలేదు, నీళ్ల బిందె మోశాను, స్కోరు పుస్తకం రాశాను, అలిసిపోయిన వాళ్ల కాళ్లు పిసికాను, ఆ పిసకడంలోంచే నా చదువూ బతుకూ వచ్చాయి. నేను డాక్టర్ని కాను, కట్టు వైద్యుణ్ణి. ఎక్స్‌రే తీసే హక్కు నాకు లేదు. వేళ్లతో చూస్తాను. నా వేళ్లు అబద్ధం చెప్పవు, అదే నా తలనొప్పి.

"హైస్కూలు పిల్లాడెందుకయ్యా ఇప్పుడు?" అంది హనాయె అక్క. చేప వడల దుకాణం ఆవిడ, అరవై ఎనిమిదేళ్లు, మెడ మీద వెంట్రుకలు తీయించుకోవడానికని ఏటా డ్రాఫ్టు రోజే వస్తుంది, ఒక పళ్లెం నిండా వేడి వడలు తెస్తుంది, అందరితో పోట్లాడి వెళుతుంది. "రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య నిలబడే మన షార్ట్‌స్టాప్ వంగితే మోకాళ్ల చప్పుడు రేడియోలో వినపడుతోంది. ఎనభై నాలుగు ఆటలు ఓడాం. కాలేజీ కుర్రాణ్ణి తీసుకుంటే ఏప్రిల్లో దిగుతాడు. ఈ పిల్లాడు దిగేసరికి నాలుగేళ్లు. నాలుగేళ్లకి నేనెక్కడుంటానో నువ్వెక్కడుంటావో."

"నువ్వెక్కడికీ పోవు అక్కా. నీ నోటికి భయపడి ఎవరూ తీసుకెళ్లరు," అన్నాడు కునిహిరో.

"నా నోరు సరే, మన పెద్దల బుర్ర సంగతి చెప్పు. ఏటా ఒక బుల్లి పిచ్చర్ని తెస్తారు, మూడేళ్లు పాలు పోసి పెంచుతారు, వాడి చెయ్యి కాస్తా బెణుకుతుంది, ఇంటికి పంపేస్తారు. ఇదేనా ప్లాను?"

కత్తి నా దవడ కింద ఉంది. చెయ్యి బెణుకుతుంది అన్న మాట ఆవిడ మామూలుగా అంది, ఏటా అంటుంది, కానీ నా గొంతులో గుటక పడింది, అది కత్తికి తెలిసింది, "కదలకురా," అన్నాడు కునిహిరో. ఆ తర్వాత అక్క వైపు తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టాడు, డెబ్భై ఏళ్ల జట్టు చరిత్రలో తొమారి నుంచి ఒక్కడు కూడా పోలేదని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరూ ఇద్దరేసి ముగ్గురేసి ఉన్నారని, మనవాడు ఆడుతుంటే చూస్తూ ఓడిపోయినా తనకి సమ్మతమేనని. అక్క ఫక్కున నవ్వింది. బజారు సంఘం వాళ్లు బట్ట మీద రాయించిన బానరు చుట్టి నా క్లినిక్ మేడమీదే పెట్టారు, అక్షరాలు నాచేతే రాయించారు, నా చేతిరాత బాగుంటుందని. తొమారి ముద్దుబిడ్డకి అభినందనలు. సిరా ఆరేదాకా నేను పక్కనే కూర్చున్నాను, ఆరకపోతే బాగుండునని.

సెప్టెంబరు మొదటి వారం. క్లినిక్ కట్టేసే వేళ ఇసొబె వెనక తలుపు దగ్గరికొచ్చాడు, ముందునుంచి రాలేదు, అప్పుడే నాకు అర్థమైపోయింది. టోపీ తీసి గుండెకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. "మాస్టారూ, అన్నం గిన్నె జారిపోతోంది." బల్ల మీద చెయ్యి పెట్టమన్నాను. చిటికెన వేలు, ఉంగరపు వేలు. సూదితో తాకాను, వాడు గోడమీది క్యాలెండర్ చూస్తున్నాడు, తాకినట్టే తెలియలేదు. మోచేతి లోపలి వైపు నొక్కాను, అక్కడ బిగుతుగా ఉండాల్సింది వదులుగా ఉంది, పాత లాగు నాడాలాగా. ఆస్పత్రికి పోదాం, ఫొటో తీయిద్దాం అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. ప్రొఫెషనల్‌గా ఆడతానని దరఖాస్తు ఇవ్వబోతున్నాడట. "కాలేజీకి వెళితే బాగయ్యేదాకా ఎవరూ ఆగరు మాస్టారూ, వసంతంలోనే బంతి చేతికిస్తారు. పెద్ద జట్టుకి సొంత డాక్టర్లుంటారు. రెండేళ్లు కూర్చోబెట్టి బాగుచేస్తారు. ఒకసారి తీసుకున్నాక పారెయ్యరు కదా?" ఆ 'కదా' దగ్గర వాడి గొంతు పద్దెనిమిదేళ్లది కాదు, ఎనిమిదేళ్లది. నడుం వంచి, తల నేలకి తగిలేంత కిందికి వంచి, ఎవరికీ చెప్పొద్దన్నాడు, కోచ్‌కి వద్దు, అమ్మకి అసలే వద్దు. నేను సరేనన్నాను. వాడి మాటలో న్యాయం కూడా లేకపోలేదు. డాక్టర్లుంటారు, నిజమే. కానీ నేను సరేనన్నది వాడి న్యాయం విని కాదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, ఇప్పుడూ తెలుసు, ఈ పైకప్పు మరక కేసి చూస్తూ ఒప్పుకోవడానికి ఏమీ అడ్డం లేదు.

కుడి చెంప మీద నురగ పూశాడు. ఎడమ చెంపని చల్లటి గుడ్డతో తుడిచాడు. "ఇక కదిలావో, చంపేస్తా," అని నా భుజం తట్టి టీవీ దగ్గరికి పోయాడు. నురగ మెల్లగా ఆరుతోంది, చిన్న చిన్న బుడగలు పగులుతున్న చప్పుడు చెవికి వినిపిస్తోంది. తెల్లగుడ్డ మెడచుట్టూ బిగించి ఉంది, చేతులు దాని కింద. దురద. గోక్కుంటే కునిహిరోకి తెలుస్తుంది.

నాలుగు రోజుల కిందట పేపర్లో మా జట్టు వేగువాడు చెప్పిన మాటలు వేశారు, కుర్రాళ్ల ఆట చూసుకుంటూ ఊళ్లు తిరిగే మనిషి, వాడు పెద్దగా మాట్లాడడు, కానీ ఆ రోజు మాట్లాడాడు. జూలైలో సెమీఫైనల్ చూసి నిర్ణయించుకున్నానన్నాడు. తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్ దాకా మంచి పిచ్చర్ అనుకున్నాను, ఎనిమిది తొమ్మిది చూశాక ఇతనే కావాలనుకున్నాను, చెయ్యి అలిసిపోయింది, బంతి వేగం పడిపోయింది, అయినా తప్పుకోలేదు, ఆ గుండె కోసం తీసుకుంటున్నాం. కునిహిరో ఆ ముక్క కత్తిరించి అద్దం అంచున దోపాడు. ఇప్పుడు కూడా అక్కడే ఉంది. నేను లేచి కూర్చుంటే సరిగ్గా నా మొహం పక్కన కనిపిస్తుంది.

ఆ ఎనిమిదో ఇన్నింగ్స్‌కి ముందు సంగతి ఆ పేపర్లో లేదు. మైదానం కింద, మెట్ల వెనక, సిమెంటు నడవా, స్కూలు జట్టు ట్రెయినర్ని కాబట్టి నేనక్కడ ఉన్నాను. పైన ఊరంతా ఉంది, నాలుగు బస్సుల్లో వచ్చారు, డప్పులు, బూరలు, పైనుంచి దుమ్ము రాలుతోంది. నలభై ఒక్క ఏళ్ల తర్వాత మా స్కూలు సెమీఫైనల్‌కి వచ్చింది, కిందటిసారి వచ్చినప్పుడు కునిహిరో చేతిలోంచి జారిన బంతితో ఓడాం, నేను ఆ తప్పుని పుస్తకంలో పెన్సిలుతో రాశాను. ఇప్పుడు ఒక్క పరుగు ముందున్నాం. ఇసొబె నడవాలోకి వచ్చి కుడిచెయ్యి చాపి, "మాస్టారూ, రెండు వేళ్లు తెలియట్లేదు," అన్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. నాకు తెలిసిపోయింది. ఇరవై ఆరేళ్ల అనుభవం, ఒక్క క్షణం పట్టలేదు. కోచ్ దగ్గరికి పోయి తల అడ్డంగా ఊపితే చాలు, నన్ను పెట్టుకున్నదే అందుకు, నేనొద్దంటే కోచ్ దించేస్తాడు, ఎప్పుడూ కాదనలేదు. ఇంకో పిచ్చర్ కూడా పక్కన బంతులు విసురుతూ సిద్ధంగా ఉన్నాడు, చిన్నవాడు, వాడు మైదానంలోకి దిగితే ఓడిపోతామని నాకు అనిపించింది. నేను టేపు తీశాను. మోచేతి చుట్టూ మూడు చుట్లు, కింద రెండు, ఎంత బాగా కట్టానంటే ఆ కట్టు ఫొటో తీసి పుస్తకాల్లో వేసుకోవచ్చు. "ఇంకా రెండే ఇన్నింగ్స్ కదా," అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "సరే మాస్టారూ," అన్నాడు. వైద్యుడిగా నేను మాట్లాడలేదు. నీళ్ల బిందె మోసిన కుర్రాడు మాట్లాడాడు, నలభై ఒక్క ఏళ్లు ఆగి. గెలిచాం. పైన జనం ఊగిపోయారు, హనాయె అక్క కూడా ఏడ్చింది. ఫైనల్లో వాడు నాలుగు ఇన్నింగ్స్ వేసి దిగిపోయాడు, ఓడాం, అయినా ఊళ్లో ఎవరూ అదేమీ అనుకోలేదు.

అందుకే సరేనన్నాను సెప్టెంబరులో. ఆస్పత్రికి వెళితే మొదటి ప్రశ్న ఎప్పటినుంచి అని. రెండో ప్రశ్న అప్పుడు ఎవరు చూశారని. అంతే, ఇంకేం లేదు, దాన్ని ఎంత తిప్పి చెప్పినా ఇంతే.

"అదుగో, మొదలైంది!" కునిహిరో గొంతు. పేర్లు చదువుతున్నారు. పన్నెండు జట్లు, ఒక్కొక్కటీ. మొదటి జట్టు ఒక కాలేజీ షార్ట్‌స్టాప్‌ని అడిగింది, అక్క "అయ్యో నా అబ్బాయి," అంది. రెండో జట్టు ఎవరినో క్యాచర్ని. నేను లెక్కపెడుతున్నాను. అయిదోది, ఉత్తరాన మంచుదేశపు జట్టు, "ఇసొబె తైచి, పిచ్చర్, తొమారి కామర్స్ హైస్కూలు." కునిహిరో బల్ల గుద్దాడు, "దొంగలు!" అన్నాడు. నా ఒంట్లో మాత్రం ఏదో సడలింది. ఒక దారి ఉంది. ఎనిమిదోది, రాజధాని జట్టు, మళ్లీ ఇసొబె. ఇక మాది. ఇసొబె తైచి. మొత్తం మూడు జట్లు. మూడు కవర్లు. నాకు మూడింట రెండు వంతులు అవకాశం ఉందన్నమాట.

మంచుదేశంవాళ్లు తీసుకెళ్లాలి. అదే మేలు. వాళ్లకి మంచి ఆస్పత్రులుంటాయి, వేడినీళ్ల బుగ్గలుంటాయి, ఇక్కడినుంచి విమానంలో పోవాలి, అక్కడి డాక్టరు ఫొటో తీసి పెదవి విరిచినా ఆ సంగతి ఇక్కడికి రావడానికి నెలలు పడుతుంది, పేపర్లో మూలన చిన్న వార్త, చెయ్యి నొప్పితో విశ్రాంతి, కునిహిరో అది చదివి అయ్యో పాపం అంటాడు, మనం తీసుకోకపోవడం మంచిదైందిరా అని కూడా అంటాడు, నేను కూడా తల ఊపుతాను. మా జట్టు పాడవదు, మా స్థానం వృథా అవదు, మళ్లీ ఎంచుకునేటప్పుడు అక్కకి కావలసిన ఇంకో షార్ట్‌స్టాప్ దొరకొచ్చు. అంతా చక్కగా కుదురుతోంది. కుదురుతుండగా నాకు వాడి చెయ్యి గుర్తొచ్చింది. మంచులో ఆ చెయ్యి ఎలా ఉంటుంది. ఏ జట్టు చొక్కా తొడిగినా ఆ రెండు వేళ్లూ అవే. నేను ఇందాకటినుంచీ మొక్కుతున్నది వాడి కోసం కాదు, కనీసం జట్టు కోసం కూడా కాదు, నా కంటికి కనపడకుండా పొమ్మని. నాకు నా మీద అసహ్యం వేసింది. నురగ గట్టిపడి చర్మాన్ని లాగుతోంది.

"మనవాడు లేచాడు, మేనేజరు లేచాడు," అంటోంది అక్క, నాకు చూపించలేక చెబుతోంది, ఏటా నాకు కళ్లు ఆవిడే. "మంచుదేశంవాడు ముందు తీస్తున్నాడు. తీశాడు. రాజధానివాడు. చెయ్యి పెట్టాడు, తిప్పుతున్నాడు, వీడెవడయ్యా పిండి కలుపుతున్నాడు. తీశాడు. మనవాడికి మిగిలిందే. మిగిలిందేనయ్యా, ఎంచుకోవడానికి ఏముంది. ముగ్గురూ కవర్లు కత్తిరిస్తున్నారు. విప్పుతున్నారు."

కాగితం చప్పుడు కూడా వినిపించింది నాకు. నేను కదలలేదు. కదలాలని అనుకున్నాను, కాళ్లు తన్నుకోవాలని, కుర్చీ మీదనుంచి పడిపోవాలని, కదిలితే ఓడిపోతామని నిజంగా నమ్మాను ఆ క్షణంలో, ఇరవై మూడేళ్లు కునిహిరో మాట విని నవ్వినవాణ్ణి. అయినా నా ఒళ్లు బిగుసుకుపోయి ఉంది. అలవాటు.

కునిహిరో అరిచిన అరుపుకి అద్దాలు గలగలలాడాయి. అక్క పళ్లెం కిందపడింది. వడలు నేలమీద దొర్లాయి. బయట బజారులో ఎవరో షట్టరు మీద దబదబా బాదుతున్నారు, ఒక దుకాణంలోంచి ఇంకో దుకాణంలోకి కేకలు పరుగెత్తుతున్నాయి, కునిహిరో వచ్చి నా మీద పడ్డాడు, నా నురగ వాడి చొక్కాకి అంటింది, "కదల్లేదురా! నువ్వు కదల్లేదు!" అని నా తల నిమురుతున్నాడు, ఏడుస్తున్నాడు. కుర్చీ లేపి కూర్చోబెట్టాడు. ఇప్పుడు అద్దంలో నాకు అంతా కనిపిస్తోంది, కుడిఎడమైన అక్షరాల టీవీ, ఆ టీవీలో మా స్కూలు జిమ్ము, బల్ల వెనక మా జట్టు టోపీ పెట్టుకుని ఇసొబె. పక్కన కోచ్. వాడు ఎడమ చేత్తో మైకు పట్టుకున్నాడు. ఎవరికీ అది కనిపించలేదు.

"ఎవరికి కృతజ్ఞతలు చెబుతారు?" అని అడిగారు విలేఖరులు. అమ్మకన్నాడు, కోచ్‌కన్నాడు. తర్వాత కాస్త ఆగి, "మా ట్రెయినర్ కమెదా మాస్టారికి," అన్నాడు. "సెమీఫైనల్లో నేను దిగిపోదామనుకున్నాను. ఇంకా రెండే ఇన్నింగ్స్ కదా అని ఆయన అన్నారు. ఆ మాట అనకపోతే ఇవాళ నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు."

వాడు నన్ను ఇరికించడానికి అనలేదు. అలా అని ఉంటే తేలికయ్యేది. వాడు నిజంగా నమ్మి అన్నాడు, కళ్లు మెరుస్తున్నాయి. అక్క చప్పట్లు కొట్టింది. తలుపు తోసుకుని ముగ్గురు నలుగురు మొహాలు లోపలికి పెట్టి, నన్ను చూసి చప్పట్లు కొట్టి, బానరు కట్టాలంటూ పరుగెత్తిపోయారు. కునిహిరో నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు రా, నువ్వు! నీళ్ల బిందె మోసిన వెధవ్వి, ఇంతపని చేసి ఒక్క మాట చెప్పలేదు!" అన్నాడు. నా గొంతు మీద కత్తి లేదు. మొహం మీద తువ్వాలు లేదు. చీటీ విప్పేశారు.

"వాడి మోచెయ్యి పోయిందిరా," అన్నాను.

"ఆఁ?"

"జూలైలోనే. ఆ రెండు ఇన్నింగ్స్‌లోనే. వేళ్లు తెలియట్లేదన్నాడు, నేను కట్టు కట్టి పంపాను. ఇప్పుడు ఎడమచేత్తో అన్నం తింటున్నాడు."

కునిహిరో నా చేతులు వదల్లేదు. కొద్దిసేపు నా మొహంలోకి చూశాడు, తర్వాత అద్దంలో టీవీ వైపు చూశాడు, అక్కడ కుర్రాళ్లు ఇసొబెని గాల్లోకి ఎగరేసి పట్టుకుంటున్నారు, వాడు కుడిచెయ్యి పొట్టకి అదుముకుని ఎగురుతున్నాడు. కునిహిరో మెల్లగా వెళ్లి టీవీ గొంతు పెంచాడు. వచ్చి కుర్చీ మళ్లీ వెనక్కి వాల్చాడు. బ్రష్షు తీసి నా కుడి చెంప మీద కొత్త నురగ పూశాడు. "నువ్వేమీ అనలేదు," అన్నాడు, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "నేనేమీ వినలేదు. డాక్టర్లు వాళ్లకున్నారు. వాళ్లు చూసుకుంటారు. చెంప ఇటు తిప్పు."

"నాకూ ఈమధ్య చెవుడే తమ్ముడూ," అంది అక్క. నేలమీది వడలు ఏరుతోంది, తల ఎత్తలేదు. హైస్కూలు పిల్లలు వద్దని వచ్చినప్పటినుంచీ పోట్లాడిన మనిషి. "ఇందాకటిదాకా ఎవరో. ఇప్పుడు మనవాడు."

నేను పైకప్పు మరక చూస్తూ పడుకున్నాను. మూడు నెలలు ఒక్కణ్ణే మోశాను, కక్కలేక మింగలేక, చెబితే తేలికవుతుందనుకున్నాను, ఇప్పుడు ముగ్గురం మోస్తున్నాం, ఒక్క పిసరు కూడా తగ్గలేదు. రేపు పొద్దున బానరు కింద నడిచి క్లినిక్‌కి వెళతాను. ఈ ఊరివాళ్లందరికీ నేను దేవుణ్ణి. ఎవరికి చెప్పినా ఇలాగే ప్రేమగా నోరు నొక్కి పడుకోబెడతారు. కత్తి కుడి చెంప మీద సాగుతోంది, నున్నగా, ఎప్పటిలాగే.

తెల్లగుడ్డ కింద నా జేబులో ఫోను మోగింది. ఎవరో నాకు తెలుసు. "ఉండు, అయిపోవచ్చింది," అన్నాడు కునిహిరో. నేను వాడి మణికట్టు పట్టుకుని పక్కకి నెట్టి లేచి కూర్చున్నాను.

"మాస్టారూ! విన్నారా? టీవీలో మీ పేరు చెప్పాను!" వెనక బూరలు, కేకలు.

"విన్నాను."

"రేపు పేపరువాళ్లకి బంతి విసురుతున్నట్టు ఫొటో కావాలట. ఆరింటికి వస్తాను. జూలైలో కట్టినట్టే కట్టండి."

"కట్టను."

అవతల బూరలు మాత్రం వినిపిస్తున్నాయి.

"మాస్టారూ?"

"పక్కన ఎవరున్నారు?"

"అమ్మ."

"ఫోను అమ్మకివ్వు."

"మాటిచ్చారు కదా మాస్టారూ." గొంతు చిన్నదైపోయింది.

"ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. కోప్పడు, తిట్టు, రేపు వచ్చి నా క్లినిక్ అద్దాలు పగలగొట్టు. ఫోను మాత్రం ఇవ్వు."

వాడు పెట్టెయ్యొచ్చు. పెట్టేస్తాడనే అనుకున్నాను. ఊపిరి వినిపిస్తోంది, ఏడుపో ఆయాసమో తెలియదు. అక్క లేచి వెళ్లి, కునిహిరో వైపు చూడకుండా, టీవీ కట్టేసింది. ఆ నిశ్శబ్దంలో ఫోను చేతులు మారిన చప్పుడు.

"కమెదా మాస్టారూ!" ఆవిడ. ఫోను పట్టుకునే వంగి వంగి దణ్ణాలు పెడుతోందని గొంతులోనే తెలుస్తోంది. "మీ మేలు ఈ జన్మలో మరిచిపోం. మీరు ఆ రోజు ఆ మాట అనకపోతే మా వాడు..."

నేను ఆవిడని మధ్యలోనే ఆపాను. "అమ్మా, మీ అబ్బాయి చెయ్యి పాడు చేసింది నేను," అన్నాను. "ఎక్కడైనా కూర్చోండి. మొదటినుంచీ చెబుతాను."